మహిళా జట్టును రాత్రంతా ఆపి, ఆ సమయాన్ని లెక్కలో కలపకపోవడంపై ఫిర్యాదు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: రేసు రెండో రాత్రి మా జట్టును ఏడున్నర గంటలు నిలిపివేసి, ఆ సమయాన్ని తిరిగి ఇవ్వకుండా ఫలితాల్లో ‘షార్ట్ కోర్స్’ (అన్ని అంచెలూ పూర్తి చేయని జట్టు) కింద చూపించడం గురించి.

అయ్యా,

గత డిసెంబరులో మీ సంస్థ అరకు నుంచి భీమిలి దాకా నిర్వహించిన నాలుగు రోజుల అడ్వెంచర్ రేసులో (మ్యాపు చూసుకుంటూ నడక, సైకిల్, పడవ అంచెలను జట్టుగా రాత్రీ పగలూ దాటే పోటీ), మహిళల విభాగంలో పోటీ చేసిన 17వ నంబరు జట్టు తరఫున ఈ లేఖ రాస్తున్నాను. జట్టు కెప్టెన్‌ని నేనే. రేసు ముగిసిన వెంటనే మీకు ఈమెయిల్ పంపాం. ‘మహిళల భద్రతకే మా మొదటి ప్రాధాన్యం, రేస్ డైరెక్టర్ నిర్ణయమే తుది నిర్ణయం’ అని రెండు వాక్యాల జవాబు వచ్చింది. మేం అడిగింది సమయం లెక్క గురించి. దాని ఊసే ఆ జవాబులో లేదు. అందుకని జరిగింది జరిగినట్టు, వేళలతో సహా రాస్తున్నాను.

రెండో రోజు రాత్రి 10 గంటల 10 నిమిషాలకు అనంతగిరి కొండల్లో, బడి ఆవరణలో మీరు పెట్టిన ట్రాన్సిషన్ ఏరియాకు, అంటే ఒక అంచె నుంచి ఇంకో అంచెకు మారే చోటుకు, సైకిళ్ళ మీద చేరుకున్నాం. మహిళల విభాగంలో ఉన్నవి రెండే జట్లు, మొదట చేరింది మేమే. సైకిళ్ళు అప్పగించి, బూట్లు మార్చుకుని, మ్యాపు మీద చెక్‌పాయింట్లు గుర్తు పెట్టుకుని, 10 గంటల 40 నిమిషాలకు బయల్దేరడానికి సిద్ధంగా నిలబడ్డాం. తరువాతి అంచె కాఫీ తోటల మీదుగా 22 కిలోమీటర్ల నడక. మీ రూల్ బుక్ అడిగిన సామానంతా తనిఖీ చేయించుకున్నాం: హెడ్‌ల్యాంపులు, అదనపు బ్యాటరీలు, ఈలలు, చలి దుప్పటి, మందుల పెట్టె. మార్షల్ (అక్కడ మీరు పెట్టిన రేసు పర్యవేక్షకుడు) అన్నీ చూసి, బాగున్నాయని టిక్కు పెట్టాడు. ఆ తర్వాత వైర్‌లెస్‌లో ఏదో విని వచ్చి, ‘లేడీస్ టీములు తెల్లారేదాకా ఆగాలట మేడమ్’ అన్నాడు.

ఎందుకని అడిగితే భద్రత అన్నాడు. వాన లేదు, పొగమంచు లేదు, దారిలో కొండచరియలు విరిగిపడలేదు, అడవి శాఖ నుంచి కొత్త ఆదేశం ఏదీ రాలేదు. ఇవన్నీ ఒక్కొక్కటిగా అడిగాం, అన్నిటికీ లేదనే చెప్పాడు. ఆ అబ్బాయి మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. తనకు చెప్పింది తను చేశాడు. అర్ధరాత్రి దాటాక మాకు వేడి టీ తెచ్చి ఇచ్చింది కూడా అతనే. ఈ ఫిర్యాదు వైర్‌లెస్ అవతలి వైపు నుంచి ఆ మాట చెప్పిన వాళ్ళ మీద.

మేం అక్కడ కూర్చుని ఉండగానే 11 గంటల 5 నిమిషాలకు ఒక మిక్స్‌డ్ జట్టు బయల్దేరింది. అందులో ముగ్గురు మగవాళ్ళు, ఒక ఆడపిల్ల. మాకన్నా అరగంట తర్వాత వచ్చిన జట్టు అది. వాళ్ళను ఎవరూ ఆపలేదు, ఆపాలని మేమూ అనం. కానీ దయచేసి ఈ ఒక్కదానికి జవాబు చెప్పండి. అదే రాత్రి, అదే దారి, అదే చలి. ముగ్గురు మగవాళ్ళు పక్కన ఉంటే ఒక ఆడపిల్లకు ఆ కొండ ప్రమాదం కాదు, నలుగురు ఆడవాళ్ళు కలిసి వెళ్తే ప్రమాదం. ఏ కొలత పెట్టి ఇలా తేల్చారు? మీ రూల్ బుక్‌ను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాం. మహిళా జట్లు రాత్రి నడవకూడదని ఎక్కడా లేదు. రేసుకు ముందు రోజు సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి ఇచ్చిన బ్రీఫింగులోనూ ఆ మాట రాలేదు. చెప్పి ఉంటే ఆ క్షణమే లేచి అడిగేవాళ్ళం.

అడ్వెంచర్ రేసుల్లో జట్లను ఆపడం మాకు తెలియని విషయం కాదు. నది మీద సూర్యాస్తమయం తర్వాత పడవ వేయనివ్వరు, దాన్ని డార్క్ జోన్ అంటారు. చీకట్లో నీటి కింద బండ కనిపించదు గనక అది సరైన నియమం, అందరికీ ఒకటే నియమం. తుఫాను వస్తే అందరినీ ఆపుతారు. దారిలో గాయపడిన జట్టుకు సాయం చేయడానికి ఆగిన వాళ్ళకు ఆ సమయాన్ని తిరిగి కలుపుతారు, దాన్ని టైమ్ క్రెడిట్ అంటారు. జట్టు తప్పేమీ లేకుండా నిర్వాహకులే ఆపినప్పుడు ఆ నిమిషాలు జట్టు ఖాతాలో పడకూడదన్నది ఈ ఆటలో అందరూ ఒప్పుకునే మాట. మీ రూల్ బుక్‌లోనూ టైమ్ క్రెడిట్‌కు ఒక సెక్షన్ ఉంది. మా విషయంలో దాన్ని ఎందుకు తెరవలేదు?

తెల్లవారుజామున నాలుగు దాటాక పై నుంచి ఆడవాళ్ళు గుంపుగా దిగి వచ్చారు. తలల మీద అడ్డాకుల కట్టలు, రాజ్మా మూటలు, ఒకావిడ వీపున గుడ్డలో పసిబిడ్డ. అందరికీ కలిపి రెండే టార్చిలైట్లు. సంతకు వెళ్తున్నారు. మేం ఎక్కాల్సిన దారిలోనే దిగివచ్చారు. మా జట్టులో మ్యాపు పట్టుకునే అమ్మాయిది ఆ కొండల్లోని ఊరే, చిన్నప్పటి నుంచి వాళ్ళమ్మతో ఆ సంతకు నడిచింది. ఆ గుంపులో ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి ఆగి, ‘ఏటమ్మా, రాత్రంతా ఇక్కడే కూకున్నారేటి?’ అని అడిగింది. భద్రత కోసం ఆపారని మా అమ్మాయి చెప్పింది. ఆవిడకు అర్థం కాలేదు. ‘దారి బాగానే ఉందమ్మా, మేం రాలేదా’ అంది. మా అమ్మాయి తల దించుకుంది. రేసు మొత్తంలో ఆమె కళ్ళలో నీళ్ళు చూసింది అప్పుడొక్కసారే. మోకాలు చీరుకుపోయినప్పుడు కూడా ఏడవని పిల్ల.

ఆ కొండ మీద పుట్టిన మనిషిని ఆ కొండ ఎక్కనివ్వకుండా ఆపింది హైదరాబాదులో ఆఫీసున్న సంస్థ. దీన్ని మీరు ఎలా చూస్తారో గానీ, మాకు మాత్రం చాలా అవమానంగా ఉంది.

ఉదయం 6 గంటల 10 నిమిషాలకు మమ్మల్ని వదిలారు. నడక ముగించి, మళ్ళీ సైకిళ్ళెక్కి ఘాట్ దిగి, శృంగవరపుకోట దాటి తాటిపూడి జలాశయం చేరేసరికి సాయంత్రం 4 గంటల 20 నిమిషాలైంది. కయాక్ (తెడ్డు పడవ) అంచె మొదలుపెట్టడానికి కటాఫ్ మధ్యాహ్నం మూడు గంటలు. మమ్మల్ని నీళ్ళలోకి దిగనివ్వకుండా వ్యానెక్కించి తరువాతి అంచెకు పంపారు. ఫలితాల్లో ‘షార్ట్ కోర్స్’ అని రాశారు. మీరు ఆపిన ఏడున్నర గంటలూ తీసేస్తే మేం తాటిపూడి చేరిన వేళ ఉదయం 8 గంటల 50 నిమిషాలు. రాత్రి నడక పగటి నడక కన్నా నెమ్మదే, ఒప్పుకుంటాం. దానికని మూడు గంటలు కలిపినా మధ్యాహ్నం పన్నెండు లోపే ఒడ్డున ఉండేవాళ్ళం. ఇది మా ఊహ కాదు. మా జట్టు సంచికి మీరే కట్టిన ట్రాకర్ ఆ రాత్రంతా బడి ఆవరణలో కదలకుండా ఉన్నట్టు మీ దగ్గరే రికార్డు ఉంది. తీసి చూడండి.

ఆ కయాక్ అంచె మాకు ఎంత ముఖ్యమో మీకు చెప్పాలి. గోస్తని నది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా పారి, తాటిపూడిలో నిలిచి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ నది వెంట కొండ మీది నుంచి సముద్రం దాకా సొంత కాళ్ళతో, సొంత చేతులతో రావడం మీ రేసు ప్రత్యేకత అని మీ ప్రకటనలోనే రాశారు. అది చదివే మేం చేరాం. మాలో ఒకరు స్టాఫ్ నర్సు, ఒకరు రైల్వే ఉద్యోగి, ఒకరు డిగ్రీ విద్యార్థిని, నేను బడిలో పీఈటీని. డ్యూటీలు మార్చుకుని, పిల్లలను అత్తగారి దగ్గరా అమ్మ దగ్గరా వదిలి, భీమిలి రోడ్డు మీద తెల్లవారకముందే సైకిళ్ళు తొక్కి సాధన చేశాం. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణలో ఆడవాళ్ళతో సహా లక్షల మంది రాత్రంతా నడుస్తారు, 32 కిలోమీటర్లు. మేం నలుగురం కూడా ఆ దారిలోనే కలిసి రాత్రి నడక అలవాటు చేసుకున్నాం. రాత్రిని చూసి భయపడే జట్టు కాదు మాది.

భద్రత అనే మాట మీ జవాబులో ఉంది గనక లైఫ్ జాకెట్ల సంగతీ రాయాలి. రిజిస్ట్రేషన్ రోజు నీటి పరీక్షలో మాకు ఇచ్చిన జాకెట్లన్నీ ఒకటే సైజు, పెద్ద మగవాళ్ళకు సరిపోయేవి. పట్టీలు ఆఖరిదాకా బిగించినా వదులుగానే ఉన్నాయి. లైఫ్ జాకెట్ సరిపోయిందో లేదో చూసే పద్ధతి చిన్నపిల్లలకు ఈత నేర్పేవాళ్ళకు కూడా తెలుసు: భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాలి, గడ్డం దాటి చెవుల దాకా వస్తే అది పనికిరాదు. మా జట్టులో ఇద్దరికి చెవుల దాకా వచ్చింది. నీళ్ళలో పడవ తిరగబడితే జాకెట్ తేలుతుంది, మనిషి కిందికి జారిపోతుంది. చిన్న సైజు అడిగితే లేవన్నారు. ఆడవాళ్ళ కోసం విడిగా ఒక విభాగం పెట్టి, వాళ్ళ దగ్గర ఫీజు కట్టించుకున్న సంస్థకు చిన్న సైజు జాకెట్లు తేవాలని తోచలేదు. నిజంగా మా ప్రాణాల గురించి ఆలోచించాల్సిన చోటు అది. ట్రాన్సిషన్ ఏరియాల్లో బట్టలు మార్చుకోవడానికి ఒక తెర కూడా లేదు. నెలసరిలో ఉన్న మా సభ్యురాలు సైకిళ్ళ ట్రక్కు వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది.

ఇది కొత్త ఆట, ఆడవాళ్ళతో అనుభవం లేదు అని మీరు అనుకుంటే అది సరికాదు. 1989లో న్యూజిలాండ్‌లో జరిగిన మొదటి రెయిడ్ గలోయిజ్ అనే అడ్వెంచర్ రేసు నుంచే జట్టులో కనీసం ఒక మహిళ ఉండాలన్న నియమం ఉంది. ఈనాటికీ పెద్ద రేసుల్లో నలుగురి జట్టు మిక్స్‌డ్‌గా ఉండటమే పద్ధతి. రాత్రీ పగలూ నడిచే ఆటగా పుట్టినప్పుడే ఇందులో ఆడవాళ్ళున్నారు. 2019లో ఫిజీలో జరిగిన ఎకో ఛాలెంజ్ అడ్వెంచర్ రేసుకు భారత జట్టుతో వెళ్ళింది డెహ్రాడూన్ అక్కచెల్లెళ్ళు తాషీ, నుంగ్షీ మలిక్. మన నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 2014 మేలో ఎవరెస్ట్ ఎక్కింది, అప్పటికి ఆమెకు 14 ఏళ్ళు కూడా నిండలేదు. ఎవరెస్ట్ మీద శిఖరానికి బయల్దేరేది రాత్రి పూటే.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టినది ఇంకొకటి ఉంది. రేసు అయ్యాక మీరు వచ్చే సీజన్ రిజిస్ట్రేషన్లకు వేసిన ప్రకటనలో మా నలుగురి ఫోటో ఉంది. బురద ముఖాలతో నవ్వుతున్న ఫోటో, కింద ‘నారీ శక్తి’ అని పెద్ద అక్షరాలు. అది మొదటి రోజు తీసిన ఫోటో. ఆ జట్టునే మరుసటి రాత్రి ఆపారని, ఆ విభాగంలో ఒక్క జట్టునూ పూర్తి రేసు ముగించనివ్వలేదని ఆ ప్రకటన చూసిన వాళ్ళకు ఎలా తెలుస్తుంది? మాతో పాటు ఆగిన రెండో మహిళా జట్టు తెల్లారాక రేసు వదిలేసి వెళ్ళిపోయింది. ఫలితాల పేజీలో మహిళల విభాగం కింద ‘పూర్తి చేసినవారు లేరు’ అని ఉంది. ఎవరైనా అమ్మాయి రేపు ఆ పేజీ చూస్తే, ఆడవాళ్ళు ఈ రేసు పూర్తి చేయలేకపోయారనే అనుకుంటుంది. అది అబద్ధం. ఆ అబద్ధం మీ వెబ్‌సైట్‌లో ఉండటానికి వీల్లేదు.

కాబట్టి మా జట్టు కోరేది ఇది. ఏడున్నర గంటల టైమ్ క్రెడిట్ ఇచ్చి, కయాక్ అంచె నిర్వాహకుల నిర్ణయం వల్లే రద్దయిందని రాసి, మా ఫలితాన్ని సరిచేయండి. రెండో మహిళా జట్టు రేసు ఎందుకు వదలాల్సి వచ్చిందో కూడా ఆ పేజీలో ఉండాలి. ఆ రాత్రి ఆదేశం ఎవరిచ్చారో, ఏ కారణంతో ఇచ్చారో మాకు రాతపూర్వకంగా చెప్పండి. ఫలితం సరిచేసేదాకా మా ఫోటోను ప్రకటనల నుంచి తీసేయండి. వచ్చే రేసుకు ముందు రూల్ బుక్‌లో, రాత్రి అంచెలు అన్ని జట్లకూ ఒకటేనని చేర్చండి, అన్ని సైజుల లైఫ్ జాకెట్లు తెప్పించండి. జట్టుకు మేం కట్టిన 48,000 రూపాయల్లో, ఆడనివ్వని అంచెకు తగిన భాగం వాపసు ఇవ్వండి. ఆ డబ్బు మాకొద్దు, దానితో చిన్న సైజు జాకెట్లు కొంటామని మీరు రాసిస్తే దానికీ ఒప్పుకుంటాం.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా జవాబు రాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపం, తప్పుదోవ పట్టించే ప్రకటన అనే రెండు కారణాలతో జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాం. ఆ చట్టం ప్రకారం మేం నివసించే జిల్లాలోనే వేయవచ్చు, మీ ఆఫీసున్న హైదరాబాదుకు రానక్కర్లేదు. రశీదు, రూల్ బుక్, మీ ఈమెయిల్, ప్రకటన కాపీ, ట్రాన్సిషన్ ఏరియాలో మార్షల్ వేళలు రాసి సంతకం పెట్టిన మా రేస్ పాస్‌పోర్ట్ (జట్టు వేళలు నమోదు చేసే రేసు కార్డు) కాపీ ఈ లేఖతో జతచేశాం. అసలు పాస్‌పోర్ట్ మా దగ్గరే ఉంది.

వచ్చే రేసుకు మళ్ళీ పేరు ఇస్తాం, అదే నలుగురం. ఆ రాత్రి అంచెకు మమ్మల్ని వదులుతారో లేదో రిజిస్ట్రేషన్లు మొదలుపెట్టే ముందే చెప్పండి.

ఇట్లు,
జట్టు కెప్టెన్, 17వ నంబరు జట్టు, మహిళల విభాగం
(నలుగురు సభ్యుల సంతకాలతో)
విశాఖపట్నం