‘అందరూ ఆహ్వానితులే’ అంటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో రోజూ వచ్చే ‘నేటి కార్యక్రమాలు’ శీర్షికను చూసే చాలామంది ఇల్లు కదులుతారు. కుట్టు తరగతి, ప్రథమ చికిత్స శిబిరం, పెద్దవాళ్లకు ఫోన్ పాఠాలు, పిల్లలకు చిత్రలేఖనం... ఏది పెట్టినా జనాన్ని రప్పించేవి అక్కడ అచ్చయ్యే నాలుగు వాక్యాలే. మా ఫిర్యాదు కూడా ఆ నాలుగు వాక్యాల మీదే. కార్యక్రమం పేరు, వేదిక, మొదలయ్యే వేళ, చివర్లో ‘ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే’. ఇది చదివి మనిషి అక్కడికి చేరగలడు గానీ, ఆ తరగతి తనకోసం పెట్టిందో కాదో తేల్చుకోలేడు. మొదటి రోజు నిండిన గది మూడో వారానికి ఖాళీ అవుతోందంటే, పాఠం చెప్పేవారి లోపం కంటే ఈ ప్రకటన లోపమే ఎక్కువసార్లు కారణమని మా నమ్మకం.

ముందుగా ప్రథమ చికిత్స సంగతి. అక్కడ జరిగే పొరపాటు ప్రాణం మీదికి వస్తుంది. గుండె ఆగిన పెద్దవారి ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5–6 సెంటీమీటర్ల లోతున నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. ఇది వింటే వచ్చే విద్య కాదు, చేతులకు అలవాటు కావాలి. నొక్కేవారు అలసిపోతే తమకే తెలియకుండా లోతు తగ్గిపోతుంది, అందుకే రెండు నిమిషాలకొకసారి మరొకరు అందుకోవాలని నేర్పుతారు. అంటే నేర్చుకునే ప్రతి ఒక్కరూ సాధనకు వాడే మనిషి బొమ్మ మీద కనీసం ఆ రెండు నిమిషాలు ఆగకుండా నొక్కి చూడాలి. 40 మంది వచ్చి బొమ్మ ఒక్కటే ఉంటే, ఒక్క విడతకే 80 నిమిషాలు కావాలి. తరగతి మొత్తం గంటసేపే అయితే చాలామంది చూసి వెళ్లిపోతారు, చేతిలో సర్టిఫికెట్ మాత్రం ఉంటుంది. అదే ప్రకటనలో ‘బొమ్మలు 4, సీట్లు 24’ అని ఉంటే ఒక్కో బొమ్మకు ఆరుగురు. ఒక విడత 12 నిమిషాలు, తప్పులు దిద్ది రెండో విడత చేయించినా అరగంటలో తేలుతుంది. చేతికొచ్చిన ఈ పని కొన్ని నెలల్లోనే మొద్దుబారుతుంది కాబట్టి, మళ్లీ సాధన చేయించే రోజు ఎప్పుడో కూడా ఆ ప్రకటనలోనే ఉండాలి.

సర్టిఫికెట్ మాట వచ్చింది కాబట్టి చిన్న మాట. పరీక్షలతో పని లేకుండా పెద్దలకు చదువు చెప్పాలన్న డేనిష్ విద్యావేత్త గ్రుండ్‌విగ్ ఆలోచనల మీద డెన్మార్క్‌లోని రోడింగ్‌లో 1844లోనే పాఠశాల వెలిసింది. కాగితం ఇవ్వని తరగతి తక్కువదేమీ కాదు. ‘సర్టిఫికెట్లు ఇవ్వబడును’ అన్న వాక్యం తీసేసి, ఆ చోట సీట్ల సంఖ్య వేస్తే చదివేవారికి ఎక్కువ మేలు.

పెద్దవాళ్ల ఫోన్ తరగతిలో చిక్కులు ఇంకో రకం. ఎవరి ఫోన్ వాళ్లది, ఒక్కో కంపెనీ ఫోన్‌లో సెట్టింగ్ ఒక్కోచోట ఉంటుంది. బోధకుడు తెర మీద చూపించేది కూర్చున్నవారి చేతిలో కనబడదు. మొదటి అరగంట ఎలా పోతుందో నడిపిన వారందరికీ తెలుసు: ఒకరికి చార్జింగ్ ఉండదు, ఒకరికి ఖాళీ లేక యాప్ దిగదు, ఒకరికి పాస్‌వర్డ్ గుర్తుండదు. మార్చుకుందామంటే కోడ్ వెళ్లేది ఎప్పుడో వదిలేసిన పాత నంబరుకు, లేదా ఇంట్లో కొడుకు దగ్గరున్న నంబరుకు. వీటిలో ఏదీ తరగతిలో తేలే పని కాదు. ఇంటి దగ్గరే చూసుకుని రావాలి. కాబట్టి ప్రకటనలోనే చెప్పాలి: ఫోన్ నిండా చార్జ్ చేసుకుని, చార్జర్ వెంట తెచ్చుకోండి. కనీసం 2 జీబీ ఖాళీ ఉంచుకోండి. కోడ్ వచ్చే నంబరు ఏదో చూసుకుని ఆ సిమ్ మీ దగ్గరుండేలా చూడండి. పాస్‌వర్డ్ మీకు గుర్తుండాలి, సహాయకులతో సహా ఎవరికీ చెప్పొద్దు, చూపొద్దు.

నలుగురికి ఒక సహాయకుడు లేకపోతే ఈ తరగతి పెట్టకపోవడమే మంచిది. సహాయకులకు ముందుగా చెప్పాల్సిన నియమం ఒకటుంది: నేర్చుకునేవారి ఫోన్ మీ చేతిలోకి తీసుకోవద్దు. మీరు పది సెకన్లలో చేసి ఇచ్చేస్తారు, ఆయన ఇంటికెళ్లి మళ్లీ మొదటికొస్తారు. వేలు ఎక్కడ పెట్టాలో నోటితో చెప్పి, ఆయన చేతే మూడుసార్లు చేయించాలి. ఒక రోజుకు ఒకే పని. అక్షరాల సైజు పెంచుకోవడమో, ఫొటో పంపడమో, తెలియని నంబరును బ్లాక్ చేయడమో. ‘స్మార్ట్ ఫోన్‌పై అవగాహన’ అని వేస్తే ఎవరు ఏమి ఆశించి వస్తారో నిర్వాహకులకే తెలియదు. ‘ఫొటో తీసి పంపడం’ అని వేస్తే అది ఇప్పటికే తెలిసినవారు రారు, కావలసినవారు వస్తారు.

కుట్టు తరగతిలోనూ ‘ఎవరికి’ అన్నదే అసలు ప్రశ్న. మిషను ముట్టనివారినీ కొలతలు తీసి కత్తిరించగలవారినీ ఒకే బ్యాచ్‌లో కూర్చోబెడితే బోధకురాలి సమయమంతా దారం ఎక్కించడంలోనే పోతుంది. కొత్తవారికి గుడ్డ అడుగున దారం ఉండలు కడుతుంది, తప్పు బాబిన్‌దే (అడుగు దారం చుట్టిన చిన్న చక్రానిదే) అనుకుని దాన్నే విప్పుతూ ఉంటారు. చాలాసార్లు తప్పు పైదారానిది. మిషను పాదం, అంటే గుడ్డను నొక్కిపట్టే భాగం, దించి ఉండగా దారం ఎక్కిస్తే అది దారాన్ని బిగువుగా పట్టే బిళ్లల మధ్య కూర్చోదు. పాదం ఎత్తి, దారం మొత్తం తీసి, మొదటినుంచి మళ్లీ ఎక్కిస్తే సర్దుకుంటుంది. ఇది కొత్తవారికి మొదటి పాఠం. తెలిసినవారికి గంట వృథా, మరుసటి వారం వాళ్లు రారు. మిషనుకు ఇద్దరిని మించి తీసుకోకూడదు, మూడో మనిషి చూస్తూ ఉండిపోతారు.

పిల్లల తరగతులకు వయసు తప్పనిసరిగా వేయించండి. ‘6 నుంచి 14 ఏళ్ల వారు’ అనేది వయసు చెప్పినట్టు కాదు, ఆరేళ్ల వారికీ పద్నాలుగేళ్ల వారికీ ఒకే పాఠం సరిపోదు.

గది సంగతికొస్తే లెక్క సులువే, వేసేవారే లేరు. యోగా చాప ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. చేతులు చాపడానికీ, మధ్య నడవడానికీ కలిపి మనిషికి 7 అడుగులు, 4 అడుగులు, అంటే 28 చదరపు అడుగులు పెట్టుకోవాలి. 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పున్న హాలులో బోధకుడి చోటు తీసేస్తే 20 మందికి మించి పట్టరు. 60 మందిని రమ్మంటే వెనక వరుసవారు గోడకు చేతులు కొట్టుకుంటారు, నేల మీద పడుకునే ఆసనం ఒక్కటీ వేయలేరు.

గుమ్మం ముందు మెట్ల గురించి ఎవరూ రాయరు. చక్రాల కుర్చీకి ర్యాంపు అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలి. ఆరంగుళాల మెట్లు రెండున్నా 12 అడుగులు కావాలన్నమాట. అక్కడ నాలుగడుగుల చెక్క వేసి ‘ర్యాంపు ఉంది’ అంటే కుర్చీ వెనక్కి తిరగబడే ప్రమాదం ఉంది. మెట్లు ఎన్ని, మరుగుదొడ్డి కిందనే ఉందా, కుర్చీలు ఉంటాయా నేల మీద కూర్చోవాలా అన్నవి తెలియకనే ఎంతోమంది పెద్దవాళ్లు ఇల్లు కదలరు. వాళ్లకు ఆసక్తి లేదని మనం అనుకుంటాం.

ముగిసే వేళ కూడా వేయాలి. ఆఖరి బస్సు చూసుకోవాల్సినవారికీ, ఇంట్లో పసిపిల్లల్ని ఎవరికో అప్పగించి వచ్చేవారికీ మొదలయ్యే వేళ కంటే అదే ముఖ్యం. అతిథుల ప్రసంగాలుంటే వాటి సమయం వేరుగా, పాఠం మొదలయ్యే సమయం వేరుగా వేయండి. రక్తదాన శిబిరం ప్రకటనలో ‘ఖాళీ కడుపుతో రావద్దు, నీళ్లు బాగా తాగి రండి, వాడుతున్న మందుల పేర్లు రాసి తెచ్చుకోండి’ అన్న ఒక్క వాక్యం ఉంటే, అక్కడిదాకా వచ్చి వెనుదిరిగేవారు తగ్గుతారు.

పత్రికలో చోటు ఇరుకని మాకు తెలుసు. ఈ నమూనా చూడండి: ‘కుట్టు, మిషను ముట్టనివారికి. 8 శనివారాలు, ఉ. 10 నుంచి 12. మిషన్లు 6, సీట్లు 12, పేరు ముందే ఇవ్వాలి. కత్తెర, టేపు, మీటరు నూలు గుడ్డ తెచ్చుకోవాలి. రెండు మెట్లు, ర్యాంపు లేదు.’ ఇప్పుడు వేస్తున్న నాలుగు వాక్యాల చోటులోనే ఇది ఇమిడిపోతుంది. ప్రకటనలు తీసుకునే కాగితంలో ఎవరికి, ఎన్ని సీట్లు, ఎప్పటికి ముగుస్తుంది, ఏం తెచ్చుకోవాలి, మెట్లు అనే ఐదు గళ్లు పెట్టండి. ఖాళీ గడి ఉంటే ప్రకటన వేయకండి. నిర్వాహకులు నింపకపోవడానికి కారణం బద్ధకం కాదు, ఆ ప్రశ్న వాళ్లు అంతవరకు వేసుకోలేదు. గడి కనబడగానే బొమ్మలు ఎన్నో, మిషన్లు ఎన్నో లెక్కపెడతారు.

తరగతి రద్దయినా, వేళ మారినా ఆ సంగతి అదే శీర్షికలో మొదటి వరుసలో వేయండి. తాళం వేసిన గది ముందు ఒకసారి నిలబడినవారు రెండోసారి రావడం అరుదు.

ఇట్లు,
స్వచ్ఛందంగా తరగతులు నడిపే కొందరు పాఠకులు