హ్యూయీ లాంగ్ వంతెనలకు సొమ్మెక్కడిది?

సంపాదకుల వారికి,

నమస్కారం. అమెరికాలోని లూసియానా రాష్ట్రానికి 1928 నుంచి 1932 దాకా గవర్నరుగా ఉన్న హ్యూయీ లాంగ్‌ను రోడ్లూ వంతెనలూ కట్టించిన దాతగా మెచ్చుకుంటూ గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని సఖినేటిపల్లి రేవులో, గోదావరి దాటించే నర్సాపురం పంటు (పెద్ద పడవ) కోసం కాచుకుని ఉండగా చదివాను. మొదటి పంటు మోటారు సైకిళ్ళతో నిండిపోయి నన్ను గట్టు మీదే వదిలేసినందువల్ల రెండోసారి కూడా చదివే తీరిక దొరికింది. గవర్నరనగానే మన పాఠకులకు రాజ్‌భవన్ గుర్తుకొస్తుంది. అక్కడి గవర్నరు ఓట్లతో నెగ్గి మన ముఖ్యమంత్రిలా పాలన నడిపేవాడని ఒక్క ముక్క రాసి ఉండవలసింది.

లాంగ్ గెలిచిన కాలం ఎటువంటిదో డెల్టా వాళ్ళకు చెప్పాలంటే 1927 మిసిసిపీ నది వరద దగ్గర మొదలుపెట్టాలి. వ్యాసకర్త ఆ ఊసే ఎత్తలేదు. ఆ ఏప్రిల్‌లో న్యూ ఆర్లీన్స్ నగరాన్ని కాపాడుకోవడం కోసం దిగువన కేర్నార్వన్ దగ్గర ఏటిగట్టును డైనమైటుతో పేల్చి, రెండు జిల్లాల మీదికి నీళ్ళు వదిలారు. ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నవాళ్ళకు ఇస్తామన్న పరిహారంలో చేతికందింది బహు స్వల్పం. 1986 ఆగస్టులో గోదావరి గట్లు తెగడం చూసినవాళ్ళకు, గండి పడటానికీ గండి కొట్టడానికీ ఉన్న తేడా వేరే చెప్పనక్కరలేదు. రాష్ట్రాన్ని నగరం పెద్దలూ చమురు కంపెనీలూ కలిసి ఏలుతున్నారని మరుసటి ఏడాది ఎన్నికల్లో లాంగ్ ఊరూరా తిరిగి చెబితే పల్లె జనం నమ్మారంటే నాకు వింత అనిపించదు.

1893లో విన్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్ళో పుట్టి, ఇంటింటికీ తిరిగి వంటనూనె సరుకు అమ్మి, లా కాలేజీలో ఏడాదే చదివి 1915లో వకీలైన మనిషి ఆయన. 1924లో గవర్నరు పదవికి పోటీ చేసి మూడో స్థానంలో నిలిచాడు.

ఆయన చేసిన మేలును నేను కాదనను. ఆయన వచ్చేనాటికి రాష్ట్రం మొత్తం మీద గట్టిగా వేసిన రోడ్లు సుమారు 300 మైళ్ళు, పెద్ద వంతెనలు మూడు. ఆ లెక్క పెంచింది ఆయనే. బడిపిల్లలకు ఉచితంగా పాఠ్యపుస్తకాలు ఇప్పించాడు. క్రైస్తవ బడుల పిల్లలకూ ఇవ్వడం చెల్లదని దావా వేస్తే 1930లో అమెరికా సుప్రీంకోర్టు ఆయన పక్షానే తీర్పిచ్చింది. అయితే మీ వ్యాసం ఇదంతా ఒక దాత చేతి చలవ అన్నట్టు రాసింది. పుస్తకాల డబ్బు భూమిలోంచి తీసే చమురు వగైరాల మీద వేసిన పన్ను నుంచి వచ్చింది. రోడ్లకూ వంతెనలకూ బాండ్లు అమ్మి అప్పు తెచ్చి, ఆ అప్పును పెట్రోలు పన్నుతో తీర్చారు. అంటే బండి తోలుకునే ప్రతివాడూ ఆ వంతెనకు చందాదారే.

రాజకీయానికి కావలసిన సొమ్ము మరోచోటి నుంచి వచ్చేది. ప్రభుత్వోద్యోగుల జీతాల్లోంచి కొంత కోసి ఒక పెట్టెలో వేయించేవాడు. ఆయన పోయాక ఆ పెట్టె ఎక్కడుందో ఎవరికీ దొరకలేదు. 1929లో చమురు శుద్ధి మీద బారెల్‌కు 5 సెంట్ల పన్ను ప్రతిపాదించాక రాష్ట్ర శాసనసభలోని దిగువ సభ, పదవి నుంచి తొలగించాలంటూ ఆయనను అభిశంసించింది. సాక్ష్యం ఏదైనా సరే శిక్షకు ఓటు వేయబోమని విచారణ జరిపే ఎగువ సభలోని 15 మంది సెనేటర్లు అది ముగియకముందే సంతకాలు చేసి ఇచ్చారు, దాంతో శిక్షకు చాలినన్ని ఓట్లు రావని తేలి కేసు అక్కడే ఆగిపోయింది. 1930లో అమెరికా సెనేట్‌కు నెగ్గి కూడా, తన చోటు వైరి అయిన ఉపగవర్నరుకు దక్కకూడదని 1932 జనవరి దాకా గవర్నరు కుర్చీ వదల్లేదు. ఈ వాక్యాల్లో ఏ ఒక్కటీ మీ వ్యాసంలో లేదు. పంటు మీద డీజిలు పొగలో, పక్కవాడి హ్యాండిలు నడుముకు గుచ్చుకుంటూ ఉంటే, వంతెన కట్టినవాడికి ఏదైనా క్షమించవచ్చునని నాకూ ఒక నిమిషం అనిపించిన మాట నిజమే. వ్యాసకర్తకు ఆ ఇబ్బంది లేదు కదా.

ఇక సవరణ. న్యూ ఆర్లీన్స్ దగ్గర తన పేరుతో ఉన్న రైలు, రోడ్డు వంతెనను లాంగ్ స్వయంగా ప్రారంభించినట్టు రాశారు. 1935 సెప్టెంబరు 8న, రాష్ట్ర రాజధాని బేటన్ రూజ్‌లో తాను కట్టించిన శాసనసభా భవనం నడవాలోనే ఆయన మీద కాల్పులు జరిగాయి, 10న చనిపోయాడు. ఆ వంతెన మీద రాకపోకలు మొదలైంది ఆ డిసెంబరులో. దయచేసి వచ్చే సంచికలో సరిచేయగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సఖినేటిపల్లి, కోనసీమ.