హార్డ్ రాక్ పాటని చదివితే సరిపోదు

సంపాదకులకు,

హార్డ్ రాక్ (గిటార్ల హోరుతో సాగే పాశ్చాత్య సంగీతం) పాటల్లో ఆడవాళ్ల వెంటపడటం తప్ప మరేమీ లేదని మీ ఆదివారం అనుబంధంలోని వ్యాసం తేల్చేసింది. మాటల్ని కాగితం మీద పెట్టి చదివితే అంతే అనిపిస్తుంది. అసలు కోరికంతా ఆ పాటల్ని కట్టిన తీరులో ఉంటుంది.

1969లో వచ్చిన లెడ్ జెప్పెలిన్ బృందం పాట ‘హోల్ లాటా లవ్’నే తీసుకోండి. మాటలు చాలావరకు పాతవే, విల్లీ డిక్సన్ రాయగా 1962లో గాయకుడు మడ్డీ వాటర్స్ పాడిన పాటలోవి. డిక్సన్ 1985లో కోర్టుకెక్కాక రెండేళ్లకి రాజీ కుదిరింది. గిటారిస్టు జిమ్మీ పేజ్ రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ వరస) మాత్రం ఒకే స్వరం చుట్టూ తిరుగుతూ ఊరిస్తుంది. పల్లవిలాంటి కోరస్ దాకా డ్రమ్స్ రానే రావు. నడుమ రిఫ్ మాయమై, థెరెమిన్ (తాకకుండా చేతులాడించి వాయించే ఎలక్ట్రానిక్ వాద్యం) కూతలు, గాయకుడు రాబర్ట్ ప్లాంట్ మూలుగులు ఒక స్పీకర్ నుంచి ఇంకో స్పీకర్‌కి పరుగులు తీస్తాయి. చివర్లో వాద్యాలన్నీ ఆగినచోట, అసలు గొంతుకి ముందే సన్నగా ఇంకో గొంతు వినబడుతుంది. అంతకుముందు రికార్డు చేసిన గొంతు టేపులో మిగిలిపోయింది. చెరపడం కుదరక పేజ్, ఇంజనీర్ ఎడీ క్రేమర్ దానికి రీవర్బ్ (ప్రతిధ్వనిలాంటి మోత) కలిపి ఉంచేశారు. లోపమే అయినా ఆ పాటకి భలే అతికింది.

ఒక్క చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే అటూ ఇటూ తిరిగే ఆ శబ్దాల పరుగు సగం పోతుంది. ఫోన్‌లో మోనో ఆడియో (రెండు చెవులకీ ఒకే శబ్దం పంపే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఆపేయండి. స్పీకర్లయితే ఆరడుగుల ఎడంగా పెట్టి, అంతే దూరంలో నడుమ కూర్చోండి. కాలేజీ బ్యాండ్లు ఈ పాటని పాడుచేసేది వేగంతోనే. ఇది నిమిషానికి సుమారు 90 బీట్ల పాట. 110కి లాగితే రిఫ్‌లోని ఖాళీలు మూసుకుపోయి కంగారు మిగులుతుంది. డ్రమ్మర్ మొదటి నుంచీ బాదేస్తే కోరస్‌కి దాచుకున్నదేమీ ఉండదు.

వ్యాసకర్త కోపానికి తగిన పాట 1972 నాటి డీప్ పర్పుల్ బృందం పాట ‘హైవే స్టార్’. ముందు కారు, తర్వాత అమ్మాయి, ఆపైన తన తలకాయ, వేటినీ ఎవరూ లాక్కోలేరని ఒకటే బడాయి. అందులో వేట తక్కువ, ఉన్నది పోతుందేమోనన్న బెంగ ఎక్కువ.

ఇక హార్ట్ బృందం 1977లో తెచ్చిన ‘బరాకుడా’లో వెంటపడే మగాడే కోరపళ్ల చేప. తన గురించీ చెల్లెలు నాన్సీ గురించీ పుట్టిన వెకిలి మాటలకి మండిపడి ఆ బృందం గాయని ఆన్ విల్సన్ రాసిన పాట అది. ఒక పొడుగు దెబ్బ, రెండు పొట్టి దెబ్బలుగా గిటార్ దౌడు తీస్తుంది, ఈసారి తరుముతున్నది ఆమె. వ్యాసంలో దీని ఊసే లేదు.

– ఒక పాఠకుడు, విజయవాడ