కారు స్టీరియో వైరింగ్ గురించి అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు.

పాత కారులో కొత్త స్టీరియోను, వెనుక సీటు కింద చిన్న యాంప్లిఫయరును నువ్వే స్వయంగా బిగించావని చదివి చాలా సంతోషించాను. పాటలు వస్తున్నా నాలుగు విషయాలు నిన్ను వేధిస్తున్నాయని రాశావు. తాళం తీయగానే గడియారమూ, దాచుకున్న స్టేషన్లూ చెరిగిపోతున్నాయి. శబ్దం పెంచితే సెట్టు ఆరిపోయి మళ్లీ వెలుగుతోంది. డ్రమ్ము, మృదంగం వంటి లోతైన ధ్వనులు పలచబడి వినిపిస్తున్నాయి. ఇంజను వేగం పెరిగేకొద్దీ స్పీకర్లలో ఒక సన్నని కూత కూడా పెరుగుతోంది. సెట్టే చెడిపోయిందేమో, తిరిగి ఇచ్చేయనా అని అడిగావు. తొందరపడవద్దు. ఇవన్నీ సాధారణంగా వైర్లలోనూ, వాటి అతుకులలోనూ పుట్టే ఇబ్బందులే. ఒక్కొక్కటి ఎందుకు వస్తుందో, మల్టీమీటరుతో దాన్ని ఎలా పట్టుకోవాలో వివరంగా రాస్తాను.

ముందుగా ఒక జాగ్రత్త. వైర్లు విప్పేటప్పుడు, కలిపేటప్పుడు బ్యాటరీ మైనస్ టెర్మినల్ ఊడదీసి ఉండాలి. వోల్టేజి కొలిచేటప్పుడు మాత్రమే దాన్ని తిరిగి తగిలించాలి. డాష్‌బోర్డు లోపల పసుపు తొడుగుతో ఉన్న కప్లర్లు (వైర్లను కలిపే ప్లగ్గులు) కనిపిస్తే వాటి జోలికి అసలు వెళ్లకు. అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగులవి. వాటికి మీటరు కడ్డీ తగిలించడం కూడా ప్రమాదమే.

ఇక రంగుల సంగతి. కొత్త సెట్టు వెనుక వచ్చే వైర్లకు చాలా కంపెనీలు ఒకే రంగుల పద్ధతి పాటిస్తాయి. పసుపు వైరు బ్యాటరీ నుంచి ఎప్పుడూ 12 వోల్టులు తీసుకుని జ్ఞాపకాన్ని నిలుపుతుంది, సెట్టుకు అసలు శక్తి కూడా దాని ద్వారానే వస్తుంది. ఎరుపు వైరు తాళం తిప్పినప్పుడు మాత్రమే విద్యుత్తు అందుకుని సెట్టుకు మెలకువ తెప్పిస్తుంది. నలుపు ఎర్తు. నీలం ఏరియల్‌ది, నీలం మీద తెల్ల గీత ఉన్నది యాంప్లిఫయరును ఆన్ చేసేది, నారింజ రంగుది లైట్లు వేసినప్పుడు తెర వెలుగు తగ్గించేది. స్పీకర్లలో తెలుపు ముందు ఎడమకు, బూడిద ముందు కుడికి, ఆకుపచ్చ వెనుక ఎడమకు, ఊదా వెనుక కుడికి వెళతాయి. అదే రంగు మీద నల్ల గీత ఉంటే అది మైనస్. అయితే ఈ పద్ధతి సెట్టు వైపు వైర్లకు మాత్రమే వర్తిస్తుంది. కారు వైపు వైర్ల రంగులను ఒక్కో తయారీదారు ఒక్కో విధంగా పెడతాడు కనుక, ఎరుపును ఎరుపుకు, నలుపును నలుపుకు కలిపేస్తే సరిపోతుందనుకోవడం చాలా ప్రమాదకరమైన ఊహ. కారు వైపు ఏ వైరు ఏమిటో మీటరు చెప్పాలి, లేదా ఆ మోడలు వైరింగ్ పటం చెప్పాలి. మూడో సాక్ష్యం ఏదీ నమ్మదగినది కాదు.

జ్ఞాపకం చెరిగిపోవడం వెనుక కారణం దాదాపు ఎప్పుడూ ఇదే: పసుపు వైరు కూడా తాళంతో పాటు ఆరిపోయే లైనుకు కలిసి ఉండటం. మీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, నల్ల కడ్డీని రంగు పూత లేని కారు బాడీ లోహానికి ఆనించి, ఎర్ర కడ్డీతో సెట్టు పసుపు వైరు కలిసే చోట కొలువు. తాళం తీసి ఉన్నప్పుడు కూడా అక్కడ సుమారు 12.6 వోల్టులు కనబడాలి. కనబడకపోతే ఎరుపు వైరు చోట చూడు; ఆ వోల్టేజి అక్కడ ఉందంటే రెండూ తారుమారైనట్టే. ఐఎస్ఓ 10487 ప్రమాణం ప్రకారం చేసిన కప్లరులో 4వ స్థానం ఎప్పుడూ ఉండే విద్యుత్తుకు, 7వ స్థానం తాళంతో వచ్చే దానికి, 8వది ఎర్తుకు. కొన్ని కార్లలో ఈ 4, 7 స్థానాలు తారుమారుగా ఉంటాయి. అందుకే కారు కప్లరుకూ సెట్టుకూ మధ్య తగిలించేందుకు అమ్మకానికి దొరికే అడాప్టరు హార్నెస్‌లలో (వైర్ల గుత్తులలో) చాలావాటికి పసుపు, ఎరుపు వైర్ల మధ్యలో ఊడదీసి మార్చి తగిలించుకునే జాయింట్లు ఉంటాయి. నీ హార్నెస్‌లో అవి ఉంటే కత్తిరించే పని లేకుండా నిమిషంలో సరిపోతుంది. రెండు చోట్లా వోల్టేజి లేకపోతే ఫ్యూజు కాలిందేమో చూడు. కొన్ని కార్లలో లోపలి దీపానికీ రేడియో జ్ఞాపకానికీ ఒకే ఫ్యూజు ఉంటుంది కాబట్టి ఆ దీపం కూడా వెలగకపోతే అనుమానం బలపడుతుంది.

దీనికి పరిష్కారమని పసుపునూ ఎరుపునూ కలిపి ఒకే లైనుకు ఇచ్చేవాళ్లున్నారు. నువ్వు ఆ పని చేయవద్దు. సెట్టు నిద్రపోకుండా రాత్రంతా బ్యాటరీని తాగుతుంది. అన్నీ ఆపి, తలుపులు మూసి, కారులోని కంప్యూటర్లు సద్దుమణిగేదాకా అరగంట ఆగిన తరువాత, మీటరు ఎర్ర కడ్డీ వైరును 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, బ్యాటరీ మైనస్ టెర్మినల్‌కూ దాని కేబులుకూ మధ్య కొలిస్తే మామూలుగా 50 మిల్లీ ఆంపియర్ల లోపే కనబడాలి. మీటరు అలా ఉండగా పొరపాటున కూడా ఇంజను స్టార్టు చేయకూడదు, మీటరు కాలిపోతుంది. ఇంకొక మాట. కొత్త తరం కార్లలో రేడియో కప్లరులో తాళంతో వచ్చే వైరే ఉండకపోవచ్చు. ఆ సమాచారం క్యాన్ బస్ అనే డేటా లైనులో వెళుతుంది, దానికి ప్రత్యేకమైన అడాప్టరు కావాలి. నీది పాత కారు కాబట్టి ఆ చిక్కు ఉండదు.

రెండవది, శబ్దం పెంచితే సెట్టు ఆరిపోవడం. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఇదే. నువ్వు సెట్టు దగ్గర కొలిచి 12 వోల్టులు సరిగ్గా వస్తున్నాయని రాశావు. ఆ కొలత నిజమే, కానీ అది సెట్టు ఊరికే ఉన్నప్పటి కొలత. మీటరు తీసుకునే కరెంటు ఎంత స్వల్పమంటే, పది పోగుల వైరులో ఒక్క పోగు మాత్రమే అంటుకుని ఉన్నా అది 12 వోల్టులే చూపిస్తుంది. బాస్ (ఆ లోతైన ధ్వని) కొట్టే ప్రతి దెబ్బకూ సెట్టు కొన్ని ఆంపియర్ల కరెంటు లాగుతుంది. అప్పుడు ఆ ఒక్క పోగు దగ్గర వోల్టేజి పడిపోతుంది, సెట్టు తన కనీస వోల్టేజి అందక ఆరిపోతుంది, ఆరిపోగానే భారం తగ్గి వోల్టేజి తిరిగి వస్తుంది, సెట్టు మళ్లీ వెలుగుతుంది. కాబట్టి పాట బాగా పెంచి, సెట్టు పని చేస్తుండగానే కొలవాలి.

ఆ కొలత ఇలా చేయి. నల్ల కడ్డీకి పొడవైన వైరు జోడించి బ్యాటరీ మైనస్ టెర్మినల్‌కు తగిలించు. ఎర్ర కడ్డీని సెట్టు లోహపు పెట్టెకు ఆనించు. శబ్దం పెంచినప్పుడు మీటరు 0.1 వోల్టు, మహా అయితే 0.2 చూపాలి. అర వోల్టు దాటితే ఎర్తు దారిలో ఎక్కడో అడ్డు ఉన్నట్టు. తరువాత ఇదే విధంగా బ్యాటరీ ప్లస్‌కూ, సెట్టు పసుపు వైరుకూ మధ్య కొలువు. తేడా అక్కడ కనిపిస్తే దోషం ఆ వైపు అతుకులో గానీ, ఫ్యూజు పట్టులో గానీ ఉంటుంది. నా అనుమానం ఎర్తు మీదే. నల్ల వైరును డాష్‌బోర్డు వెనుక దగ్గరలో కనిపించిన ఒక స్క్రూకు చుట్టానని రాశావు కదా. ఆ స్క్రూ పట్టుకున్న రేకు మీద రంగు పూత ఉండవచ్చు, లేదా ఆ రేకు ప్లాస్టిక్ భాగాల మధ్య వేలాడుతూ కారు బాడీతో సరిగా కలవకపోవచ్చు. కారు కప్లరులోని ఎర్తునే వాడుకో. లేదా బాడీలో గట్టి లోహం ఉన్న చోట రంగును తళుక్కుమనేదాకా గీకి, వైరు కొసకు రింగు టెర్మినల్ క్రింప్ చేసి (నొక్కి బిగించి), బోల్టుతో బిగించు.

వైర్లను మెలితిప్పి టేపు చుట్టిన అతుకులను కూడా ఈ సందర్భంలోనే మార్చేయమని కోరుతున్నాను. ఎండలో నిలిచిన కారులో డాష్‌బోర్డు వేడికి టేపు జిగురు కరిగి జారిపోతుంది, అప్పుడు బయటపడిన రాగి దేనికి తగులుతుందో చెప్పలేము. సరైన కొలత క్రింప్ స్లీవులు గానీ, సోల్డరు చేసి పైన హీట్ ష్రింక్ ట్యూబు (వేడికి ముడుచుకుని పట్టుకునే గొట్టం) గానీ వాడు. కారు తయారీదారు ఇచ్చిన కప్లరును మాత్రం కోయవద్దు. ఎప్పుడైనా పాత సెట్టు తిరిగి పెట్టాలన్నా, తప్పు వెతకాలన్నా అది ఉండాలి.

సెట్టు ఆగిపోవడానికి మరో కారణం, ఏదైనా స్పీకరు వైరు కారు బాడీకి తగలడం. ఇప్పటి సెట్లలో స్పీకరు మైనస్ వైరు ఎర్తు కాదు. ప్లస్, మైనస్ రెండు వైర్ల మీదా సరఫరాలో సగం, అంటే దాదాపు 6 వోల్టులు నిలిచి ఉంటాయి, ధ్వని ఆ రెండింటి మధ్య తేడాగా వెళుతుంది. అందుకే మైనస్‌ను బాడీకి కలిపినా, రెండు స్పీకర్ల మైనస్‌లను ఒకటి చేసినా సెట్టు రక్షణ స్థితిలోకి వెళ్లి ఆగిపోతుంది. అదృష్టం బాగాలేకపోతే లోపలి యాంప్లిఫయరు చిప్ కాలిపోతుంది. కొన్ని చాలా పాత కార్లలో స్పీకర్లన్నిటికీ ఒకే మైనస్ ఉండేది. నీ కారు అలాంటిదైతే ప్రతి స్పీకరుకూ కొత్తగా రెండేసి వైర్లు లాగక తప్పదు. పరీక్ష సులువు: స్పీకర్ల కప్లరు సెట్టు నుంచి ఊడదీసి, ప్రతి జతకూ మధ్య ఓములు కొలువు. 4 ఓముల స్పీకరు 3 నుంచి 4 మధ్య చూపిస్తుంది. ఏ వైరుకైనా బాడీకీ మధ్య అసలు సంబంధమే కనబడకూడదు. తలుపు సందులో వైరు నలిగే చోటు ఉంటుంది కనుక, కొలుస్తూ తలుపును తెరిచి మూసి కూడా చూడు.

పెట్టె మీద 4 స్పీకర్లకు 50 వాట్ల చొప్పున అని రాసి ఉందని, కానీ అంత బలం వినిపించడం లేదని కూడా అన్నావు. బ్యాటరీ వోల్టేజితోనే నడిచే చిప్, ఇంజను నడుస్తున్నప్పటి 14.4 వోల్టులతో 4 ఓముల స్పీకరుకు శుద్ధమైన ధ్వనిగా 26 వాట్లను కూడా చేరలేదు. నష్టాలు పోగా 20 వాట్లకు అటూ ఇటూ అందిస్తుంది. ఆ 50 గరిష్ఠపు అంకె. అందులో నీ వైరింగ్ తప్పేమీ లేదు.

లోతైన ధ్వనులు పలచబడటానికి కారణం ఒక స్పీకరు ప్లస్, మైనస్ తారుమారు కావడం అనుకుంటున్నాను. ఒక కోను ముందుకు వచ్చేటప్పుడు రెండోది వెనక్కి వెళితే గాలిలో ఆ రెండు ఒత్తిళ్లూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, పొడవైన అలలు కాబట్టి బాస్‌లోనే ఆ నష్టం ఎక్కువ తెలుస్తుంది. బ్యాలెన్సును పూర్తిగా ఒక పక్కకు తిప్పి విను. ఒకే పక్క పాడుతున్నప్పుడు బాస్ నిండుగా వచ్చి, మధ్యకు తేగానే తగ్గితే సందేహం లేదు. సెట్టు నుంచి స్పీకర్లు ఊడదీసి, 1.5 వోల్టుల సెల్లును వైరు జతకు క్షణం పాటు తాకించు. సెల్లు ప్లస్ స్పీకరు ప్లస్‌కు తగిలినప్పుడు కోను బయటికి ఉబకాలి. సన్నని ధ్వనులు పలికే చిన్న ట్వీటర్లకు సెల్లు విద్యుత్తును అడ్డుకునే కెపాసిటరు ఉంటుంది కాబట్టి ఈ పరీక్ష పెద్ద స్పీకర్లకే పనికి వస్తుంది.

చివరగా కూత. అది ఇంజను వేగంతో పెరుగుతోంది కాబట్టి ఇంజనుతో తిరుగుతూ విద్యుత్తు పుట్టించే ఆల్టర్నేటరు నుంచి వస్తున్నదే. యాంప్లిఫయరు ఎర్తు ఒక చోట, సెట్టు ఎర్తు మరో చోట ఉండి, ఆ రెండు చోట్ల మధ్య కొద్దిపాటి వోల్టేజి తేడా ఉంటే, ఆ తేడా వల్ల కరెంటు, సెట్టు నుంచి యాంప్లిఫయరుకు ధ్వనిని తీసుకెళ్లే ఆర్‌సీఏ కేబులు పై అల్లిక గుండా ప్రవహించి ధ్వనిలో కలుస్తుంది. సెట్టు ఎర్తు సరిచేశాక ఇది దానంతటదే తగ్గినా నేను ఆశ్చర్యపోను. తగ్గకపోతే, అన్నీ ఆపి ఆర్‌సీఏలను యాంప్లిఫయరు దగ్గర ఊడదీసి మళ్లీ ఇంజను వేసి విను. కూత పోతే అది ఆ కేబులు వైపు నుంచి వస్తున్నట్టు. ఆర్‌సీఏ కేబులు ఒక పక్క నుంచి, బ్యాటరీ కేబులు మరో పక్క నుంచి వెళ్లేలా మార్చు. సెట్టు వెనుక ఆర్‌సీఏ బయటి వలయానికీ సెట్టు పెట్టెకూ మధ్య ఓములు కొలిస్తే సున్నాకు దగ్గరగా రావాలి. రాకపోతే, విద్యుత్తు ఉండగా ఆర్‌సీఏ పెట్టడం వల్ల లోపలి సన్నని ఫ్యూజు కాలి ఉండవచ్చు, అది మరమ్మతు చేసేవారికి చూపించవలసిన పని. కూత అణిచే ఫిల్టరు కొనడానికి తొందరపడకు. అది తప్పును అలాగే ఉంచి పైకి వినబడకుండా చేస్తుంది.

యాంప్లిఫయరు కేబులుకు బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఫ్యూజు పెట్టావో లేదో నువ్వు రాయలేదు. నాకు దాని గురించే బెంగగా ఉంది. ఆ ఫ్యూజు యాంప్లిఫయరును కాపాడేందుకు కాదు, దారిలో కేబులు ఎక్కడైనా బాడీకి తగిలితే కారు అంటుకోకుండా ఉండేందుకు. ఇంజను గది గోడలోంచి కేబులు వచ్చే రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ (అంచుకు కేబులు కోసుకుపోకుండా తొడిగే వలయం) కూడా తప్పనిసరి. ఈ రెండూ చూసుకునేదాకా దయచేసి ఆ కేబులును బ్యాటరీకి కలపవద్దు.

ఆ తరువాత సెట్టు ఎర్తుతో మొదలుపెట్టి ఒక్కసారికి ఒక్కటే మార్చు, మార్చిన ప్రతిసారీ మళ్లీ కొలువు. సెట్టును తిరిగి లోపలికి తోసేటప్పుడు వెనుక వైర్లు లోహపు అంచున నలగకుండా ఒక పక్కకు సర్ది, కప్లర్లకు గుడ్డ టేపు చుట్టు. లేకపోతే గతుకుల్లో టకటకమంటాయి. పాట పెంచినప్పుడు బ్యాటరీ మైనస్‌కూ సెట్టు పెట్టెకూ మధ్య వచ్చిన అంకెనూ, స్పీకర్లు నాలుగింటి ఓములనూ రాసి పంపు. అవి చూసి తరువాత ఏం చేయాలో చెబుతాను.

ఇట్లు,
మీ నాన్న