ఫిష్ ఫైండర్‌లో జిగ్ కనబడటం లేదు: ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం.

నాది విశాఖపట్నం. ఫిషింగ్ హార్బర్ నుంచి చిన్న ఫైబర్ బోటులో గేలం వేటకు వెళ్తాను. ఈ జనవరిలో 38,500 రూపాయలు పెట్టి, నీటిలోకి శబ్దం పంపి తిరిగొచ్చే ప్రతిధ్వనిని తెర మీద గీసే మీ ఫిష్ ఫైండర్ కొన్నాను. బిల్లు, వారంటీ కార్డు కాపీలు జత చేశాను.

కొన్న కొత్తలో దాన్ని నేనే నలుగురికీ చూపించేవాణ్ణి. బోటు పక్కనే వంద గ్రాముల జిగ్ (లోహపు ఎర) వదిలితే తెర మీద సన్నటి గీత ఏటవాలుగా దిగేది. రాడ్ ఎత్తి దించుతుంటే ఆ గీత రంపం పళ్లలా నడిచేది. అడుగు నుంచి ఇంకో గీత లేచి దాని వెంటపడిందంటే చేప జిగ్‌ని చూసినట్టే. వెంటనే రీలు వేగం పెంచేవాణ్ణి. అలా చూస్తుండగానే వంజరం వచ్చి పట్టుకున్న రోజులున్నాయి. నేను డబ్బు పోసింది ఈ గీత కోసమే. ఉత్త లోతు తెలియడానికైతే సీసం గుండు కట్టిన తాడు చాలు, మా నాన్న ఎన్నేళ్లు వేట చేసినా దాంతోనే చేశాడు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా. ఆ రోజుల్లో పవర్ బటన్ గట్టిపడిందని మీ సర్వీస్ సెంటర్‌లో ఇచ్చాను. బటన్ బాగుచేశారు. నేను అడక్కపోయినా సాఫ్ట్‌వేర్ కూడా అప్‌డేట్ చేశారు. జూన్ 15న సముద్రంలోకి వెళ్తే అడుగు కనబడుతోంది, చేపల గుంపు కనబడుతోంది, నా జిగ్ మాత్రం లేదు.

ఫోన్ చేస్తే మీ వాళ్లు, ‘నీటి లాగుడికి దారం పక్కకు పోతోంది, బీమ్ దాటిపోతోంది’ అన్నారు. అలా జరుగుతుంది, కాదనను. మీ పుస్తకంలో బీమ్, అంటే కిందికి గరాటులా పరుచుకునే శబ్దం, 20 డిగ్రీలని ఉంది. అంటే 30 మీటర్ల లోతులో పదిన్నర మీటర్ల వెడల్పు, 5 మీటర్ల దగ్గర రెండు మీటర్లు కూడా ఉండదు. అందుకే గాలి లేని పొద్దున హార్బర్ లోపలే బోటుని రెండు వైపులా కట్టేసి చూశాను. లోతు 6 మీటర్లు చూపింది. నీటిలో శబ్దం పంపి అందుకునే ట్రాన్స్‌డ్యూసర్‌కి జానెడు దూరంలో జిగ్ దించి 4 మీటర్ల దగ్గర ఆడించాను. దారం నిట్టనిలువుగా ఉంది. గీతల బదులు చేప బొమ్మలు చూపే సెట్టింగ్ ఆఫ్ చేశాను, తెర జరిగే స్క్రోల్ వేగం పూర్తిగా పెంచాను, చిన్న ప్రతిధ్వనిని కూడా పట్టే సెన్సిటివిటీ చేత్తో 90కి పెట్టాను. అయినా గీత పడలేదు.

అప్పుడు గమనించాను. అనవసర ప్రతిధ్వనుల్ని తీసేసే నాయిస్ ఫిల్టర్ ఆఫ్ చేసి మెనూలోంచి బయటికి రాగానే అది తనంతట తనే ‘హై’కి పోతోంది. సెన్సిటివిటీ కూడా ఆటోలోకి వెళ్లిపోతోంది. చిన్న ప్రతిధ్వనిని చెత్త అనుకుని తుడిచేస్తోందని నా అనుమానం. వీడియో తీశాను.

మీ సర్వీస్ సెంటర్ వారు ట్రాన్స్‌డ్యూసర్ పాడైంది, కొత్తదానికి 2,400 కట్టమంటున్నారు. పక్క బోటు అతని దగ్గర ఇదే మోడల్ ఉంది, అప్‌డేట్ చేయించలేదు. నా ట్రాన్స్‌డ్యూసర్ అతని మిషన్‌కి తగిలిస్తే జిగ్ గీత చక్కగా పడింది. అతనిది నా మిషన్‌కి తగిలిస్తే పడలేదు. మరి పాడైంది ఏది?

కాబట్టి పాత సాఫ్ట్‌వేర్ తిరిగి వేసి ఇవ్వండి, కుదరకపోతే మిషన్ మార్చండి. రెండూ వారంటీలోనే, పైసా తీసుకోకుండా. 15 రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. వేట సీజన్ నడుస్తోంది, ఈ టెన్షన్ నాకూ వద్దు.

ఫోన్ చేసేటట్టయితే ఉదయం 11 దాటాక చేయండి. అంతకుముందు సముద్రంలో ఉంటాను, సిగ్నల్ అందదు.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
విశాఖపట్నం