కోసే ముందు ఆ ఒక్క మాట అడగండి

సంపాదకుడు గారికి,

నా ఛాతీ మీది మచ్చ చూసినవాళ్లు అడిగేది ఒకటే: "కాలిందా?" కాలలేదు. 19 ఏళ్లప్పుడు లేచిన ఒక మొటిమ అది. మొటిమ మానింది, మచ్చ మాత్రం పెరుగుతూనే ఉంది. మొటిమ ఉన్న చోటు దాటి రెండు పక్కలకూ పాకింది. దీన్ని కెలాయిడ్ అంటారు. గాయం పూడ్చడానికి చర్మం కొల్లాజెన్ అనే పీచుపదార్థం తయారు చేస్తుంది. పూడ్చాక ఆగిపోవాలి, మాలాంటివాళ్లలో ఆగదు. 19వ శతాబ్దం తొలినాళ్లలో అలిబెర్ అనే ఫ్రెంచి వైద్యుడు పీత డెక్కను బట్టి ఈ పేరు పెట్టాడు. అద్దంలో చూసుకున్నప్పుడల్లా సరిగ్గానే పెట్టాడనిపిస్తుంది.

ఇది అంటుకోదు, క్యాన్సరూ కాదు. అయినా పక్కన కూర్చున్నవాళ్లు కాస్త జరిగి కూర్చోవడం నాకు అలవాటైపోయింది. అలవాటు కానిది దురద. అర్ధరాత్రి మొదలైతే తెల్లారేదాకా వదలదు. చొక్కా గుండీ రాసుకున్నా చురుక్కుమంటుంది. కారులో సీటుబెల్టు కింద చేతిరుమాలు మడిచి పెట్టుకుంటాను. ఇంత ఉన్నా దీన్ని "అందం సమస్య" అని కొట్టిపారేసేవాళ్లే ఎక్కువ.

అసలు సంగతికొస్తాను. కొన్నేళ్ల కిందట ఒక క్లినిక్‌లో దీన్ని కోసి తీసేశారు. పది నిమిషాల పనన్నారు, పది నిమిషాల్లోనే అయింది. కొన్ని నెలలకు కుట్లు పడిన చుక్కలతో సహా లేచింది, ముందుకన్నా పెద్దదిగా. ఉత్త కోతతో సరిపెడితే 45 నుంచి 100 శాతం దాకా తిరిగొస్తుందని, అందుకే కోశాక ఇంజెక్షన్లో రేడియేషనో తోడు పెడతారని ఆ తర్వాత చర్మ వైద్యురాలు చెప్పారు. ఇప్పుడు ఆరు వారాలకోసారి మచ్చలోకే స్టెరాయిడ్ ఇస్తున్నారు. గట్టి కండ, మందు ఓ పట్టాన దిగదు. ఆవిడ బొటనవేలు సిరంజి మీద వణుకుతుంది, మచ్చ తెల్లగా పాలిపోతుంది, నేను పళ్లు బిగబడతాను. ఎత్తు తగ్గింది, దురదా తగ్గింది. చుట్టూ చర్మం పల్చబడింది, ఆ మందుతో అదొక చిక్కు.

కోసే ముందు నా చేత సంతకం చేయించిన కాగితంలో షుగరుందా, ఏ మందైనా పడదా అని అడిగారు. మీకు గానీ ఇంట్లోవాళ్లకు గానీ మచ్చలిలా పెరిగాయా అని అడగలేదు. అడిగి ఉంటే మా అమ్మ భుజం గుర్తొచ్చేది. టీకా వేసిన చోట వేలెడు లావున పొంగి ఉంటుంది. టీకా మచ్చంటే అంతేనని మేమంతా అనుకున్నాం.

ఆపరేషన్ అంగీకార పత్రాల్లో ఈ ప్రశ్న చేర్చాలని వైద్యశాఖను కోరుతున్నాను. చెవులు కుట్టేవాళ్లూ, పచ్చబొట్లు వేసేవాళ్లూ కూడా అడగాలి. వాళ్ల దగ్గరికి వచ్చేది ఎక్కువగా కుర్రకారు, కెలాయిడ్లు ఎక్కువగా లేచేదీ 10 నుంచి 30 ఏళ్ల మధ్యే. అవునన్నవాళ్లకు అవసరం లేని కోతలు మానిపించవచ్చు. తప్పనిసరి ఆపరేషనైతే గాయం మానగానే సిలికాన్ పట్టీలు మొదలుపెట్టవచ్చు.

మొన్న మా అన్నయ్య కూతురు చెవి తమ్మెకు రెండో కుట్టు వేయించుకోబోయింది. అక్కడెవరూ ఏమీ అడగలేదట. తనే చెప్పింది, మా బాబాయికి కెలాయిడ్ ఉందని. కుట్టే అమ్మాయి సూది పట్టుకునే, "అంటే ఏంటి?" అందట.

ఇట్లు,
ఒక పాఠకుడు