మోలారిటీ లెక్కల గురించి ఒక మాట

అందరికీ నమస్తే. నిన్నటి మోలారిటీ లెక్కలో చాలామంది ఒకే చోట పొరపాటు చేశారు, అందుకే రాస్తున్నాను. లీటరు ద్రావణంలో ఎన్ని మోల్స్ (మోల్ అంటే పదార్థం కణాల లెక్కకు వాడే ప్రమాణం) కరిగి ఉన్నాయో చెప్పేదే మోలారిటీ; లీటరుకు ఒక మోల్ ఉంటే 1 మోలార్.

"లీటరు నీళ్లలో ఒక మోల్ ఉప్పు వేస్తే 1 మోలార్" అని రాశారు. కాదండీ. మోలారిటీలో లీటరు అంటే మొత్తం ద్రావణం, పోసిన నీళ్లు కాదు. 250 మి.లీ. 1 మోలార్ సోడియం క్లోరైడ్ ద్రావణం కావాలంటే 14.6 గ్రాములు (పావు మోల్) తూచి, ముందు కొద్ది నీళ్లలో పూర్తిగా కరిగించాలి. ఆ తర్వాతే ఫ్లాస్కు మెడ మీది గీత దాకా నింపాలి. చివర్లో డ్రాపర్‌తో చుక్క చుక్కగా. ద్రవం వంపు అడుగుభాగం గీతను తాకాలి, మన కన్ను కూడా గీత ఎత్తులోనే ఉండాలి.

ఎందుకింత పట్టింపు అంటే, 50 మి.లీ. ఇథనాల్‌లో 50 మి.లీ. నీళ్లు కలిపితే 100 రాదు, 96-97 దగ్గరే ఆగిపోతుంది! రెండు రకాల అణువులూ హైడ్రోజన్ బంధాలతో (ఒక అణువులోని హైడ్రోజన్‌కు, పక్క అణువులోని ఆక్సిజన్‌కు మధ్య ఆకర్షణ) కొత్తగా సర్దుకుని దగ్గరకు చేరతాయి. ఈ పాఠం మొత్తంలో నాకు బాగా నచ్చిన విషయం ఇదే. ద్రవ్యరాశి మాత్రం తగ్గదు. మోలాలిటీ అనే ఇంకో కొలతలో మోల్స్‌ను కిలో ద్రావణికి (కరిగించే ద్రవానికి) లెక్కిస్తాం కాబట్టి ఉష్ణోగ్రత మారినా అది మారదు.

ఆ హైడ్రోజన్ బంధాల వల్లే నీళ్లు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతాయి. అంత బలమైన బంధాలు లేని హైడ్రోజన్ సల్ఫైడ్, దాని అణువు నీటి అణువుకన్నా బరువైనా, మైనస్ 60 దగ్గరే మరుగుతుంది. మరిగేటప్పుడు తెగేవి అణువుల మధ్య బంధాలు, అణువు లోపలివి కావు. ఇది చాలామంది తప్పు రాస్తారు, జాగ్రత్త.

నాలుగో లెక్క మళ్లీ చేసి సాయంత్రంలోగా ఫోటో పెట్టండి. డౌట్ ఉంటే మొహమాటపడకుండా ఇక్కడే అడగండి.